కథలు రాస్తే ఎండలు తగ్గుతాయా?

వాతావరణ మార్పు మీద కథలూ కవితలూ రాస్తే నిజంగా ఏమైనా ఒరుగుతుందా, లేక అదంతా రాసేవాళ్ల తృప్తి కోసమేనా అని అడిగారు. కర్బన ఉద్గారాలను కథ తగ్గించలేదు. దానికి చట్టాలు, డబ్బు, ఇంజినీర్లు కావాలి. కానీ లెక్కల దగ్గర నోరు మెదపని మనుషులు కథ దగ్గర మాట్లాడటం నేను చూశాను.

నేను కథలు రాస్తాను, కొత్తగా రాసేవాళ్ల కథలు చదివి అభిప్రాయం చెబుతుంటాను. ఈ అంశం ఇస్తే చాలామంది నేరుగా శతాబ్దం చివరికి వెళ్లిపోతారు. మునిగిపోయిన నగరం, మాస్కుల్లో జనం, మిగిలిన ఆఖరి మనిషి. అలాంటి కథ చదివి వినిపిస్తే, విన్నవాళ్లు 'అమ్మో' అనుకుని టీ తాగడానికి లేచిపోతారు. ఒకావిడ మాత్రం, రాత్రి పదకొండు దాటినా కుళాయిలో వేడినీళ్లే వస్తుంటే, పొద్దున చంటిదానికి స్నానం చేయించడానికి అప్పుడే బకెట్ నింపి చల్లారబెట్టుకునే తల్లి గురించి రాసింది. కథంతా అంతే. వాతావరణ మార్పు అన్న మాటే అందులో లేదు. ఆమె చదవడం ఆపగానే ఒకరి తర్వాత ఒకరు నిద్రపట్టని తమ రాత్రుల సంగతులు ఎత్తుకున్నారు. కార్బన్ డయాక్సైడ్ లాంటి గ్రీన్‌హౌస్ వాయువులు భూమి వేడిని సులువుగా బయటికి పోనివ్వవు; చాలాచోట్ల పగళ్ల కంటే రాత్రులు ఎక్కువగా వేడెక్కాయి. అదే విషయం అంతకుముందు గ్రాఫులో చూపిస్తే తలలూపి ఊరుకున్నారు.

ఇది కొత్తేమీ కాదు. 1962లో అమెరికా జీవశాస్త్రవేత్త, రచయిత్రి రేచల్ కార్సన్ పురుగుమందుల మీద రాసిన 'సైలెంట్ స్ప్రింగ్' సాక్ష్యాలతో నిండిన పుస్తకం. అయినా మొదటి అధ్యాయం కల్పనే: వసంతం వచ్చినా పక్షి కూత వినపడని ఒక ఊరు. ఆ పురుగుమందుల్లో ఒకటైన డీడీటీని 1972లో అమెరికా చాలావరకు నిషేధించింది. అది ఒక్క పుస్తకం ఘనత కాదు, మధ్యలో శాస్త్రవేత్తలు, కోర్టు కేసులు ఉన్నాయి. కానీ జనం అడగడం మొదలుపెట్టడంలో ఆ పుస్తకానిది పెద్ద చేయి.

ఐస్‌లాండ్‌లో ఓక్ అనే హిమానీనదం కరిగిపోతే, 2019లో అక్కడ ఒక ఫలకం పెట్టారు. అందులోని మాటలు రాసింది రచయిత ఆండ్రి స్నైర్ మాగ్నసన్. ఏం జరుగుతోందో మాకు తెలుసు, చేయాల్సింది చేశామో లేదో మాత్రం మీకే తెలుస్తుంది అని రాబోయే తరాలకు రాసిన ఉత్తరం అది. కింద గాలిలో అప్పటి కార్బన్ డయాక్సైడ్ స్థాయిని 415 పీపీఎం (పది లక్షల వంతుల్లో 415 వంతులు) అని చెక్కారు. ఉత్తరం లేకుండా ఆ అంకె ఒక్కటే ఉంటే ఎవరు ఆగి చదువుతారు?

మీరు రాయాలనుకుంటే మీకు బాగా తెలిసిన ఒక పనినో, ఒక గదినో పట్టుకోండి. సైన్స్ విషయాలు సరిచూసుకోండి. ప్రతి తుఫానునీ వాతావరణ మార్పు ఖాతాలో వేసేస్తే తెలిసినవాళ్లు అక్కడే కథ మూసేస్తారు. ఇంకొక్కటి, దయచేసి చివర్లో హీరోతో మొక్క నాటించకండి.