బియర్డెడ్ డ్రాగన్ పిల్లకి తిండి కన్నా ముందు లైటు సంగతి చూడండి

"బాబు బియర్డెడ్ డ్రాగన్ కావాలని పట్టుపట్టాడండీ, కుక్కంటే అపార్ట్‌మెంట్‌లో కష్టం, ఇదైతే బల్లే కదా, మూల ఒక గాజు పెట్టెలో పడుంటుంది, రోజూ ఏం పెడితే సరిపోతుంది?" ఇక్కడ డాలస్ చుట్టుపక్కల కొత్తగా దిగిన మనవాళ్ళు అడిగే ప్రశ్న అటూ ఇటూగా ఇలాగే ఉంటుంది. ఏం పెట్టాలో చెప్తా గానీ ముందు మీరు అడగని దాని గురించి చెప్పాలి, ఎందుకంటే ఈ జీవికి తిండి ఎంత మంచిది పెట్టినా పైన లైటు సరిగ్గా లేకపోతే ఆ తిండి ఒంటికి పట్టదు.

ఇది బల్లి కూడా కాదు లెండి, మన తొండల కుటుంబానికి చెందింది, సొంతూరు ఆస్ట్రేలియా మధ్యలో ఉండే ఎండు నేలలు. ఇక్కడ షాపుల్లో అమ్మేవి అక్కణ్ణుంచి పట్టుకొచ్చినవి కావు, ఇక్కడే బ్రీడ్ చేసినవి. కొన్నప్పుడు అరచేతిలో ఇమిడిపోతుంది, ఏడాది తిరిగేసరికి ఒకటిన్నర అడుగు అవుతుంది, తొండ ముదిరి ఊసరవెల్లి అవుతుందో లేదో గానీ ఇది మాత్రం మీ సోఫా మీద సగం సీటు ఆక్రమిస్తుంది. బాగా చూస్కుంటే పదేళ్ళు బతుకుతుంది, అంతకన్నా ఎక్కువ కూడా. అంటే ఇప్పుడు ఫోర్త్ గ్రేడ్‌లో ఉన్న పిల్లాడు కాలేజీకి వెళ్ళిపోయాక దానికి క్రికెట్స్ (బతికున్న కీచురాళ్ళు) వేసేది మీరే.

ఇక లైటు విషయం. మన ఊళ్ళో తొండ పొద్దున్నే గోడెక్కి ఎండ కాచుకోవడం చూసే ఉంటారు కదా, అది ఊరికే కాదు, దాని ఒంట్లో సొంత వేడి లేదు, ఒళ్ళు వేడెక్కితేనే తిన్నది అరుగుతుంది. మనం ఇంట్లో ఏసీ 74కి పెట్టుకుని హాయిగా ఉంటాం, దానికి మాత్రం అది చలి. పెట్టెలో ఒక చివర బాస్కింగ్ బల్బు (ఎండలా వేడినిచ్చే బల్బు) కింద, అది కూర్చునే రాయి మీదో కర్ర మీదో, పిల్లకైతే 100 నుంచి 110 ఫారెన్‌హీట్ ఉండాలి, రెండో చివర 75 నుంచి 85 మధ్య, వేడి ఎక్కువైతే అదే ఇటు చల్లటి వైపుకి వచ్చేస్తుంది. అద్దానికి అతికించే గుండ్రటి థర్మామీటర్లని నమ్మొద్దు, టెంపరేచర్ గన్ ఒకటి కొనండి, పెద్ద ఖరీదేం కాదు. రాత్రి లైట్లన్నీ ఆపేయాలి, ఎర్ర బల్బు నీలం బల్బు ఏవీ వద్దు, దానికి చీకటి కావాలి. ఇల్లు 65 కన్నా కిందకి పోతేనే వెలుగు రాని సిరామిక్ హీటర్ పెట్టండి. వేడెక్కే రాళ్ళని అమ్ముతారు చూడండి, హీట్ రాక్స్ అని, వాటి జోలికి పోవద్దు, పొట్ట కాలుతుంది.

బాస్కింగ్ బల్బు ఒక్కటే చాలదు, యూవీబీ (ఎండలో ఉండే, కంటికి కనపడని ఒక రకం అతినీలలోహిత కిరణాలు) ఇచ్చే ట్యూబు వేరే ఉండాలి, అసలు డబ్బు పెట్టాల్సింది దీని మీద. యూవీబీ పడితేనే ఒంట్లో విటమిన్ డి3 తయారవుతుంది, డి3 ఉంటేనే కాల్షియం ఎముకకి చేరుతుంది. చుట్టలు తిరిగిన చిన్న కాయిల్ బల్బు ఇస్తారు కొన్ని కిట్లలో, దాని కింద కొంచెం చోటే వెలుగు పడుతుంది, అది సరిపోదు, పొడుగ్గా ఉండే టీ5 హెచ్‌ఓ ట్యూబు, యూవీబీ బలం 10.0 అని గానీ 12 పర్సెంట్ అని గానీ రాసున్నది, పెట్టె పొడవులో సగానికి పైగా వచ్చేది తీస్కోండి. ఎంత ఎత్తులో బిగించాలో తయారీదారు డబ్బా మీద రాస్తాడు, అది పాటించండి, మధ్యలో జాలీ ఉంటే కొంత యూవీబీ అక్కడే ఆగిపోతుందని కూడా లెక్కలోకి తీస్కోండి. గాజు అయితే దాదాపు మొత్తం ఆపేస్తుంది, కాబట్టి "కిటికీ పక్కన పెట్టాం, ఎండ బాగా పడుతోంది" అనేది పనికిరాదు, పైగా ఎండకి గాజు పెట్టె వేడెక్కిపోయి ప్రాణం మీదకొస్తుంది. ట్యూబు ఏడాదికోసారి మార్చాలి, వెలుగు బానే వస్తోంది కదా అనిపిస్తుంది, కంటికి కనపడే వెలుగు వేరు, యూవీబీ వేరు. ఇది లేక కాళ్ళు వంకర పోయి, దవడ మెత్తబడి, వేళ్ళు వణుకుతూ తిరిగే డ్రాగన్ పిల్లల్ని చూస్తే కడుపు తరుక్కుపోతుంది, ఆ వంకర మళ్ళీ సరిగ్గా రాదు. లైట్లకి టైమర్ పెట్టేయండి, రోజుకి 12 నుంచి 14 గంటలు.

ఇప్పుడు తిండి. ముందే చెప్తున్నా, మీ ఇంట్లో గుడ్డు కూడా రానివ్వరంటే ఇది మీకు కుదిరే జీవి కాదు. పిల్లకి తిండిలో ముప్పావు వంతు బతికున్న పురుగులే ఉండాలి, పెద్దయ్యాక అది తిరగబడి ఆకులు ఎక్కువ పురుగులు తక్కువ అవుతుంది గానీ అప్పుడు కూడా పురుగులు పూర్తిగా మానడం ఉండదు. రోజుకి రెండు మూడు సార్లు, ప్రతిసారీ పది పదిహేను నిమిషాల్లో ఎన్ని తింటే అన్ని. సైజు దగ్గర ఒక్కటే రూలు, దాని రెండు కళ్ళ మధ్య ఎంత దూరం ఉందో పురుగు అంతకన్నా పెద్దది ఉండకూడదు. చిన్న క్రికెట్స్, చిన్న డూబియా రోచెస్ (ఒక రకం బొద్దింకలు), బ్లాక్ సోల్జర్ ఫ్లై లార్వా (ఒక రకం ఈగ పురుగులు), ఈ మూడింటితో బండి లాగించొచ్చు. డూబియా అయితే అరుపు లేదు, వాసన తక్కువ, కానీ ఫ్లోరిడాలో, కెనడాలో వాటిని ఉంచుకోనివ్వరు, అక్కడి వాళ్ళు చూస్కోండి. మీల్‌వార్మ్స్ చవగ్గా దొరుకుతాయి గానీ వాటి పెంకు గట్టిది, పిల్లకి అరగదు, అవి తర్వాత.

పురుగులకి కూడా తిండి పెట్టాలి, నవ్వకండి, ఒక రోజు ముందు క్యారట్ ముక్కలు, ఆకులు వేస్తే ఆ బలమే దీనికి వెళ్తుంది. వేసే ముందు పురుగులున్న కవర్లో కాల్షియం పొడి వేసి కొంచెం ఊపండి, రోజుకి ఒక పూట అయినా పొడి పట్టించినవి పడాలి, రెప్టైల్ మల్టీవిటమిన్ వారానికి ఒకటి రెండు సార్లు చాలు. తినగా మిగిలిన క్రికెట్స్‌ని తీసేయండి, రాత్రి పడుకున్నాక అవి దీన్నే కొరుకుతాయి. బ్యాక్‌యార్డ్‌లో పిల్లలు పట్టుకొచ్చిన పురుగులు వద్దు, మందు కొట్టిన లాన్ అయ్యుంటుంది. మిణుగురు పురుగైతే అసలే వద్దు, ఒక్కటి తిన్నా చచ్చిపోతుంది, వేసవి సాయంత్రాలు ఇక్కడ మిణుగురులు బానే కనపడతాయి కాబట్టి పిల్లలకి గట్టిగా చెప్పండి.

ఆకుల దగ్గర మనవాళ్ళు ఇండియన్ స్టోర్ నుంచి తెచ్చిన కట్ట తీసి వేసేస్తారు. పాలకూర, తోటకూర, బచ్చలి, చుక్కకూర, వీటన్నిట్లో ఆక్సలేట్లు ఎక్కువ, మీరు కష్టపడి పట్టించిన కాల్షియాన్ని అవి కట్టేస్తాయి. కాలర్డ్ గ్రీన్స్, ఆవాకు, టర్నిప్ ఆకులు, డాండిలయన్ మంచివి, మామూలు గ్రోసరీలోనే ఉంటాయి. గుమ్మడి, బటర్‌నట్ స్క్వాష్ సన్నగా తురిమి వేయొచ్చు, మందు కొట్టని మందారం పువ్వు వేస్తే ఎగబడి తింటుంది. అవకాడో విషం. పిల్ల ఆకుల వంక చూడకపోయినా రోజూ పొద్దున కొంచెం సన్నగా తరిగి పెట్టండి, అలవాటు అవ్వాలి. తెచ్చిన మొదటి కొన్ని రోజులు సరిగ్గా తినకపోవచ్చు, కొత్త చోటు కదా, ఒక వారం చేతుల్లోకి తీసుకోకుండా వదిలేయండి. గ్రాముల్లో చూపించే చిన్న కాటా కొని వారానికోసారి తూచి రాసుకోండి, పిల్ల బరువు పెరక్కపోతే ఎక్కడో తేడా ఉన్నట్టు. ఇంకోటి, రెట్టలో తెల్లగా సుద్దలా ఉండేది దాని మూత్రమే, చూసి కంగారు పడొద్దు.

కింద ఇసుక పోయొద్దు, పురుగుతో పాటు మింగేస్తుంది, పేపర్ టవల్ చాలు. "పాపం ఒక్కతే ఉంది" అని రెండోది తేవద్దు, దీనికి తోడు అక్కర్లేదు, తోకలు, వేళ్ళు కొరికేసుకుంటాయి. ఇది చెయ్యి ఊపితే హాయ్ చెప్తోందని పిల్లలు మురిసిపోతారు గానీ అది నేను చిన్నదాన్ని, నన్నేం చెయ్యకు అని చెప్పడం.

ఇంట్లో ఐదేళ్ళ లోపు పిల్లలున్నా, ఇండియా నుంచి అమ్మా నాన్నా వచ్చి ఉన్నా బాగా ఆలోచించండి. ఇవి చూడ్డానికి ఆరోగ్యంగా ఉన్నా రెట్టలో సాల్మొనెల్లా అనే జబ్బు చేసే బాక్టీరియా ఉండొచ్చు, ఐదేళ్ళ లోపు పిల్లలకీ 65 దాటిన వాళ్ళకీ దానితో ముప్పు ఎక్కువని ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెప్తూనే ఉంది. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి, ముద్దులు వద్దు, దాని గిన్నెలు కిచెన్ సింక్‌లో కడగొద్దు, వంటగది గట్టు మీద తిరగనివ్వొద్దు.

కుక్కల్ని చూసే వెట్ అందరూ దీన్ని చూడరు, ఇలాంటి జీవుల్ని చూసే ఎగ్జాటిక్ వెట్ ఎక్కడున్నాడో కొనక ముందే చూస్కోండి, ఏఆర్‌ఏవీ అని రెప్టైల్ వెట్ల అసోసియేషన్ ఉంది, వాళ్ళ సైట్లో ఊరు కొట్టి వెతకొచ్చు. తెచ్చిన కొత్తలోనే రెట్ట టెస్ట్ చేయిస్తే కాక్సీడియా (పేగుల్లో చేరే పరాన్నజీవి), నులిపురుగులు ఉంటే తెలిసిపోతుంది. లీజులో పెట్స్ గురించి ఏం రాశారో చదవండి, కొన్ని చోట్ల రెప్టైల్స్ వద్దంటారు, హవాయిలో అయితే చట్టమే ఒప్పుకోదు. ఇక డిసెంబర్‌లో నెల రోజులు ఇండియా వెళ్ళాలనుకుంటే మొక్కలకి నీళ్ళు పోసే పక్కింటి వాళ్ళకి ఇది అప్పజెప్పలేరు, పురుగులు పట్టుకోడానికి భయపడని మనిషి కావాలి, టికెట్లు బుక్ చేసే ముందే ఆ మనిషిని వెతికి రెండు మూడు సార్లు మీ ముందే తినిపించనివ్వండి.