మాక్‌బెత్‌ను హంతకుణ్ణి చేసింది అతని భార్యేనా?

కాదు, రాజ్యకాంక్ష స్కాట్లండ్ సేనాని మాక్‌బెత్‌లో ముందే ఉంది, లేడీ మాక్‌బెత్ ఆ కోరికను పౌరుషానికి పరీక్షగా మార్చి, వెనక్కి తగ్గితే పిరికివాడివేనని అతన్ని ఇరుకున పెడుతుంది.

షేక్‌స్పియర్ 1606 ప్రాంతంలో రాసిన ‘మాక్‌బెత్’ నాటకంలో అసలు ఘర్షణంతా మొదటి అంకం ఏడో రంగంలో ఉంది. డంకన్ తనకు రాజు, బంధువు, పైగా తన ఇంటికి వచ్చిన అతిథి కనుక అతన్ని చంపే ఈ పని ఇంతటితో ఆపుదామన్న మాక్‌బెత్, మగవాడికి తగినదంతా చేయడానికి తాను వెనుకాడననీ, అంతకు మించి తెగించేవాడు మగవాడే కాడనీ అంటాడు. పౌరుషానికి అతను గీసుకున్న ఆ హద్దును ఆమె చెరిపేస్తుంది: ఆ పనికి తెగించినప్పుడే నువ్వు మగవాడివి అంటుంది. అతను ఆ పాఠాన్ని ఎంత బాగా వంటబట్టించుకున్నాడంటే, మూడో అంకంలో తోటి సేనాని బాంకోను చంపించడానికి హంతకులను రెచ్చగొట్టేటప్పుడు వాళ్ల మగతనాన్నే ప్రశ్నిస్తాడు.

భార్య మాట వినకపోతే అతనికి హత్య ఊసే తట్టేది కాదని చాలామంది అనుకుంటారు. నిజానికి కాడర్ ప్రభువువీ, ఆపైన రాజువీ అవుతావన్న మంత్రగత్తెల జోస్యంలో ఒక భాగం ఫలించి, ఆ ప్రభువు పదవి దక్కిందని తెలిసిన క్షణంలోనే ఆ ఆలోచన మెదిలి అతని ఒళ్లు గగుర్పొడుస్తుంది. ఆ జోస్యం విన్నాక అప్పటికి అతను ఇంటికి వెళ్లి భార్యను కలవనేలేదు. ఇక నాటకం ఆమె నిర్వచనాన్ని సమర్థిస్తుందా అంటే, అదీ లేదు: మాక్‌బెత్ పంపిన హంతకుల చేతిలో భార్యాబిడ్డలు హతమయ్యారని విన్న స్కాట్లండ్ ప్రభువు మాక్‌డఫ్, మగవాడిలా తట్టుకొమ్మన్న డంకన్ కొడుకు మాల్కంతో, తట్టుకుంటాను గానీ మగవాడిగా ఆ బాధను అనుభవించాలి కూడా అంటాడు.