ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని కాలేజీ సర్టిఫికెట్లు ఆపితే ఏం చేయాలి? అసలు ఈ సిస్టమ్ ఇట్లెందుకుంది?

అడిగిన తమ్ముడి పరిస్థితి ఏందంటే బీటెక్ అయిపోయింది, చేతిలో జాబ్ ఆఫర్ ఉంది, ఈపాస్‌లో, అంటే సర్కారు స్కాలర్‌షిప్ పోర్టల్‌లో, రెండేళ్ళది శాంక్షన్ అయినట్టు చూపిస్తుంది, కానీ కాలేజీకి పైసలు రాలేదట, అందుకని మొత్తం కట్టి సీఎంఎం (అన్ని సెమిస్టర్ల మార్కుల మెమో), పీసీ (ప్రొవిజనల్ సర్టిఫికెట్), టీసీ తీస్కపొమ్మంటున్నరు. నేను కూడా ఇదే గొడవలో నలిగి బయటపడ్డోన్నే. మాది సిరిసిల్ల దగ్గర ఊరు, బాపు సాంచాల (మరమగ్గాల) మీద పని చేస్తడు, బీసీ, కన్వీనర్ కోటాలో, అంటే కౌన్సెలింగ్‌ల వచ్చిన సీటు. ఇప్పుడు మా చెల్లె బీటెక్ థర్డ్ ఇయర్ కాబట్టి ఆ పోర్టల్‌తో నా రుణం ఇంకా తీరలే.

ముందుగాల శాంక్షన్ అయిందని సంబరపడకు. శాంక్షన్ అంటే ఈ పిల్లగానికి ఇంత ఇవ్వొచ్చు అని జిల్లా వెల్ఫేర్ ఆఫీసర్ ఒప్పుకున్నట్టు, అంతవరకే. ఆ తర్వాత బిల్లు చేయాలె, బిల్లు ట్రెజరీకి పోవాలె, అక్కడ టోకెన్ నంబర్ పడాలె, టోకెన్ పడ్డంక హైదరాబాద్‌ల ఫైనాన్స్ వాళ్ళు నిధులు వదలాలె. అసలు ఆగేది ఈ చివరి మెట్టు దగ్గర. టోకెన్ పడి నెలల తరబడి కూర్చున్న బిల్లులు ఎన్నో, ఇంకో అకడమిక్ ఇయర్ వచ్చినా కదలవు. నువ్వు జిల్లా ఆఫీసుకు పోయి ఆ క్లర్క్‌ని ఎంత బతిమిలాడినా ఆయన చేతుల ఏం ఉండదు, ఆయన స్క్రీన్ మీద కూడా నీకు కనిపించేదే కనిపిస్తది. నేను పోయినప్పుడు ఆయన మానిటర్ నా దిక్కు తిప్పి "చూస్కో బాబూ, మా సైడ్ నుంచి ఏం పెండింగ్ లేదు" అన్నడు. కాలేజీ అకౌంట్స్ సెక్షన్‌ల కూడా అదే మాట, మా సైడ్ ఏం పెండింగ్ లేదు అని. మరి పెండింగ్ ఎవరి సైడ్ ఉన్నట్టు?

ఇందులో నాకు ఇప్పటికీ మండేది ఒక్కటే. ఇది సర్కారుకు, కాలేజీకి మధ్యల ఉన్న బాకీ. ఆర్టీఎఫ్, అంటే ట్యూషన్ ఫీజు, తెలంగాణల మా బీసీలకైతే నేరుగా కాలేజీ అకౌంట్‌కే పోతది, స్టూడెంట్ చేతికి వచ్చేది ఎంటీఎఫ్ అనే చిన్న స్కాలర్‌షిప్ మాత్రమే. ఆ ఫీజు పైసల్ని నువ్వు ఒక్కసారి కూడా కళ్ళతో చూడవు, ఎప్పుడొచ్చినయో మెసేజ్ కూడా రాదు, కానీ లేటైతే తాకట్టు పెట్టేది మాత్రం నీ సర్టిఫికెట్లనే. సర్కారు కాలేజీకి వడ్డీ కట్టదు, కాలేజీ సర్కారు మీద కేసు వేస్తే పెద్దోళ్ళతో వైరం, ఇక వాళ్ళ చేతికి దొరికేది నువ్వొక్కడివే.

ఎవరికి ఎంత ఇస్తరు అన్న లెక్క కూడా చూడు. తెలంగాణల ఇంజనీరింగ్‌కి బీసీ, ఈబీసీ (ఆర్థికంగ వెనుకబడ్డోళ్ళు) అయితే ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నరు) ర్యాంకు 10,000 లోపు ఉంటే ఫుల్ ఫీజు, దాటితే 35,000 వరకే. ఎస్సీ, ఎస్టీలకు ఈ ర్యాంకు గొడవ లేదు. నాది 14,000 చిల్లర ర్యాంకు, నా పక్కన కూర్చునేటోనిది 9 వేల చిల్లర. ఒకే క్లాసు, ఒకే బెంచి, ఇద్దరి ఇండ్లల్ల పరిస్థితి దాదాపు ఒకటే, వానికి రూపాయి కట్టే పని లేదు, నేను మాత్రం ఏడాదికి 30 వేలు చేతి నుంచి కట్టాలె. ఇంటర్‌ల మంచి కోచింగ్ ఇప్పించగలిగిన ఇంటి పిల్లలే ఎక్కువగా 10 వేల లోపు ర్యాంకు కొడతరు, మండల కేంద్రంల చిన్న ప్రైవేట్ జూనియర్ కాలేజీల చదివినోళ్ళు తక్కువ మంది కొడతరు, అంటే ఎవరికి అవసరం ఎక్కువో వాళ్ళకే కోత. మెరిట్‌కి వేరే బహుమతి ఇచ్చుకోండి, అభ్యంతరం లేదు, కానీ పేదరికం చూసి ఇస్తున్నం అని చెప్పి ర్యాంకు చూసి కొయ్యడం ఏం న్యాయమో నాకు అర్థం కాదు. పైగా ఆ 35,000 సీలింగ్ ఎప్పుడో పెట్టింది, ఫీజులు మూడేండ్లకోసారి కమిటీ పెంచుకుంటనే పోతుంది, సీలింగ్ మాత్రం ఉన్నకాడనే ఉంది.

ఇంక ఇన్‌కమ్ సర్టిఫికెట్. బీసీ, ఈబీసీలకు ఊర్లల్ల అయితే ఏడాదికి 1.5 లక్షలు, టౌన్లల్ల అయితే 2 లక్షలు లిమిట్. ఊర్ల లెక్క తీస్కుంటే నెలకు 12,500. మా పిన్ని అంగన్‌వాడీ టీచర్, తెలంగాణల వాళ్ళ జీతం 2021ల 13,650 అయింది, నువ్వే గుణించి చూడు, ఏడాదికి 1,63,800. అంటే పల్లెటూర్ల అంగన్‌వాడీ టీచర్ కొడుకు ఈ లెక్క ప్రకారం పేదోడు కాదు! అదే ఊర్ల రెండు ఎరువుల దుకాణాలు, ఒక ట్రాక్టర్ ఉన్నాయనకు పేస్లిప్ ఉండదు, మీసేవల అప్లై చేస్తడు, గిర్దావర్ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) వచ్చి ఇంటి ముందల నిలబడి రెండు మాటలు అడిగి పోతడు, 90 వేలు అని సర్టిఫికెట్ వచ్చేస్తది. జీతం కాగితం మీద కనబడేటోడే దొరుకుతడు. ఆ దుకాణాలాయన కొడుకు మీద నాకు కోపం లేదు, వాడు నాకు ఫ్రెండే, కానీ మా పిన్ని కొడుక్కి రాలేదు, వాడు ఇప్పుడు డిగ్రీ చదువుతూ పొద్దుగాల పాల వ్యాన్ మీద పోతున్నడు.

సర్టిఫికెట్ల సంగతికొస్తే నా కథ చెప్తా, నీకు పనికొస్తది. ఫైనల్ ఇయర్ రిజల్ట్స్ వచ్చినంక కంపెనీ వాళ్ళు ఒరిజినల్స్ వెరిఫికేషన్‌కి డేట్ ఇచ్చిండ్రు. కాలేజీకి పోతే అకౌంట్స్ మేడమ్ ఒక పొడుగు రిజిస్టర్ తీసి నా రోల్ నంబర్ వరుస మీద స్కేలు పెట్టి చూపించింది, ఫస్ట్ ఇయర్, సెకండ్ ఇయర్ గడులల్ల ఎర్ర ఇంకుతో టిక్, థర్డ్, ఫోర్త్ ఇయర్ గడులు ఖాళీ, పక్కన పెన్సిల్‌తో 70,000. "ఇప్పుడు కట్టేయ్, గవర్నమెంట్ నుంచి వచ్చినంక నీ అకౌంట్‌కి రిటర్న్ చేస్తం" అన్నది, చాలా మర్యాదగనే. ప్రిన్సిపాల్ దగ్గరికి పోతే ఆయన తన బాధ చెప్పిండు, లెక్చరర్లకు మూడు నెలల నుంచి సగం జీతమే ఇస్తున్నమని. అది అబద్ధం కాదు, మాకు డేటా స్ట్రక్చర్స్ చెప్పిన సార్ సాయంత్రం పూట ట్యూషన్లు చెప్పుకుంటుండె. 2025 నవంబర్‌ల ప్రైవేట్ కాలేజీలు బకాయిల కోసం బంద్ పెట్టినప్పుడు జనం మేనేజ్‌మెంట్లను తిట్టిండ్రు గని, చిన్న కాలేజీలకు నిజంగనే ఊపిరాడని పరిస్థితి. పెద్ద కాలేజీల లెక్క వేరు, వాళ్ళకు మేనేజ్‌మెంట్ కోటా ఉంటది, డొనేషన్లు ఉంటయి, ఆర్నెల్లు ఆగినా వాళ్ళ బస్సులు ఆగవు.

నేనేం చేసిన అంటే ముందు కొట్లాడిన, తర్వాత సగం కట్టిన. యూజీసీ 2018 అక్టోబర్‌ల ఇచ్చిన నోటిఫికేషన్ ఒకటి ఉంది, ఫీజు వాపస్ గురించి, ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు దగ్గర పెట్టుకోవద్దు అన్న దాని గురించి. అది ప్రింట్ తీసి నా అప్లికేషన్‌కి జత చేసి ప్రిన్సిపాల్ పేరు మీద ఇచ్చిన, ఇన్‌వార్డ్ సెక్షన్‌ల స్టాంపు వేయించుకున్న. స్టాంపు వేయడానికి కూడా వాళ్ళు వెనకా ముందు ఆడిండ్రు, దాన్ని బట్టే తెలిసింది నోటి మాటకు భయపడరు గని కాగితానికి భయపడతరని. తర్వాత సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిల అర్జీ పెట్టిన. అక్కడి నుంచి వెల్ఫేర్ ఆఫీసర్‌కి పోయింది, ఆయన కాలేజీకి ఫోన్ చేసిండు. ఫోన్ తర్వాత కాలేజీ దిగొచ్చింది, మొత్తం కాదు, సగం కట్టు, మిగిలిన దానికి అండర్‌టేకింగ్ రాసివ్వు అన్నరు. బాపు సాంచాల సేటు దగ్గర 2 రూపాయల వడ్డీకి 35 వేలు తెచ్చిండు. పోయిన ఏడాది ఆ పైసలు కాలేజీకి వచ్చినయి, నాకు కూడా వాపస్ వచ్చినయి, అది మాత్రం చెప్పాలె, ఎగ్గొట్టలే. కానీ సేటుకు కట్టిన వడ్డీ ఎవరి ఖాతాల రాయాలె? ఆ వడ్డీకి ఏ పోర్టల్‌ల కాలమ్ లేదు.

ఆంధ్రల ఇంకో రకం చూసిండ్రు. నా రూమ్మేట్‌ది గుంటూరు సైడు, వాళ్ళకు విద్యా దీవెన కింద ఫీజు తల్లి అకౌంట్‌ల వేసేటోళ్ళు, అమ్మ పోయి కాలేజీల కట్టాలె. ఐడియా మంచిదే అనిపించింది నాకు, కనీసం పైసలు ఎప్పుడొచ్చినయో ఇంట్ల తెలుస్తది, కాలేజీని నాలుగు మాటలు అడిగే ధైర్యం వస్తది. కానీ అక్కడ కూడా విడతలు లేటైతే కాలేజీ వాళ్ళు అమ్మల మీద పడ్డరు, హాల్‌టికెట్లు ఆపుతం అన్నరు. కొన్ని ఇండ్లల్ల ఆస్పత్రి ఖర్చుకో పొలం పెట్టుబడికో వాడుకుంటే మళ్ళీ అప్పు. పైగా 2020 డిసెంబర్‌ల జీవో 77 ఇచ్చి ప్రైవేట్ కాలేజీల పీజీ చదివేటోళ్ళకు మొత్తానికే తీసేసిండ్రు, నా రూమ్మేట్ వాళ్ళ అక్క ఎంబీఏ దాంతోనే మానుకుంది. పైసలు ఎవరి అకౌంట్‌ల వేస్తరు అన్నది కాదు అసలు సంగతి, టైముకు వేస్తరా లేదా అన్నది.

సరే, నీ సంగతికొద్దాం. మొట్టమొదట ఈపాస్‌ల నీ అప్లికేషన్ నంబర్ కొట్టి ఏ సంవత్సరానిది ఏ మెట్టు మీద ఉందో విడివిడిగా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకో. రెండూ ట్రెజరీల ఆగినయా, లేకపోతే ఒకటి కాలేజీ దగ్గరనే ఆగిందా చూడు. చాలామంది ఇక్కడ మోసపోతరు, గవర్నమెంట్ ఇయ్యలే అని కాలేజీ చెప్తది, తీరా చూస్తే కాలేజీ వాళ్ళే ప్రిన్సిపాల్ లాగిన్‌ల ఆ ఏడాది రెన్యువల్ ఫార్వర్డ్ చేయలే. మా చెల్లెది సెకండ్ ఇయర్ అట్లనే పడిపోయేది, టెన్త్ మెమోల ఇంటిపేరు పూర్తిగ ఉంది, ఆధార్‌ల ఒక్క అక్షరమే ఉంది, మ్యాచ్ కాలేదని పక్కన పెట్టేసిండ్రు, ఎవ్వరూ చెప్పలే, నేను పోర్టల్ చూస్తే తెలిసింది. తప్పు కాలేజీ దగ్గర ఉంటే నువ్వు రూపాయి కట్టే పని లేదు, గట్టిగ అడుగు. అటెండెన్స్ 75 శాతం లేకపోయినా, ఇయర్ డిటెయిన్ అయినా మాత్రం ఆ ఏడాది పైసలు రావు, దానికి కొట్లాడి లాభం లేదు.

తర్వాత జాబ్ వాళ్ళకు మెయిల్ పెట్టు. చాలా కంపెనీలు ప్రొవిజనల్ జిరాక్స్‌తో పాటు కాలేజీ లెటర్‌హెడ్ మీద "ఒరిజినల్స్ మా దగ్గర ఉన్నయి" అని రాసిస్తే రెండు మూడు నెలలు టైమిస్తయి, ఆ లెటర్ ఇయ్యడానికి కాలేజీకి కూడా అభ్యంతరం ఉండదు. ఎంటెక్‌కో బయట దేశానికో పోయేది ఉంటే ఇది నడవదు, అప్పుడు ఒరిజినల్సే కావాలె. దానికి అర్జీ, ప్రజావాణి, యూనివర్సిటీ రిజిస్ట్రార్‌కి కంప్లైంట్, యూజీసీ ఈ-సమాధాన్ పోర్టల్‌ల ఇంకో కంప్లైంట్, అన్నీ ఒకే వారంల పెట్టు, ఒకదాని కాపీ ఇంకోదానికి జత చెయ్. హైకోర్టుకు పోయి సర్టిఫికెట్లు ఇప్పించుకున్నోళ్ళు కూడా ఉన్నరు, కానీ లాయర్ ఫీజు, తిరుగుడు చూసుకో, నలుగురైదుగురు కలిసి పోతే గిట్టుబాటు అయితది. స్టూడెంట్ యూనియన్లోళ్ళను తీస్కపోతే పని అయితదా అంటే అయితది, కానీ నీ తర్వాత నీ చెల్లెనో తమ్ముడో అదే కాలేజీల చదువుతుంటే ఒకసారి ఆలోచించుకో.

ఇవన్నీ అయినా కట్టక తప్పని పరిస్థితి వస్తే, రసీదు మీద ఏం రాస్తున్నరో దగ్గరుండి చూడు. "ట్యూషన్ ఫీజు" అని రాసిస్తే రేపు వాపస్ అడగడానికి నీకు ఆధారం ఉండదు. ఫలానా సంవత్సరం ఆర్టీఎఫ్ బకాయి కింద అడ్వాన్స్, ప్రభుత్వం నుంచి వచ్చినంక తిరిగి ఇయ్యబడును అని రాయించి సీలు వేయించుకో, నీ బ్యాంక్ అకౌంట్ నంబర్ కూడా దాని మీదనే రాయించు. ఆ తర్వాత నెలకోసారి పోర్టల్ చూస్తుండు, రిలీజ్ అయినట్టు కనబడిన రోజే రసీదు జిరాక్స్ పట్టుకొని పో, వాళ్ళంతట వాళ్ళు ఫోన్ చేసి పిలిచి ఇయ్యరు.