నగరాల్లో రాజనీతి శాస్త్రానికి పనేమిటి?

ప్రశ్న: ఎం.ఏ. రాజనీతి శాస్త్రం రెండో సంవత్సరం చదువుతున్నాను. చైనాలో నగరాలు పెరిగిన తీరుపై పరిశోధన చేయాలని ఉంది. మా నాన్న పాలమూరు నుంచి వలస వచ్చిన తాపీమేస్త్రీ. "నగరాలు కట్టేది ఇంజనీర్లూ కూలీలూ కదా, అందులో మీ చదువుకు పనేముంది?" అంటున్నారు. ఈ దారిలో నడిచినవారు ఉన్నారా మేడమ్? నాన్నకు ఏం చెప్పాలి?
— ఒక విద్యార్థిని, హైదరాబాద్

జవాబు: ముప్పై ఏళ్లు డిగ్రీ కళాశాలలో ఈ పాఠమే చెప్పాను. ఈ ప్రశ్న అడిగిన విద్యార్థి ఒక్కరూ తగల్లేదు. మీ ఉత్తరం చూసి ఎంత సంతోషించానో చెప్పలేను.

ఉన్నారమ్మా. డొరొతీ సొలింజర్ అనే అమెరికన్ రాజనీతి శాస్త్ర ఆచార్యురాలి గురించి చెబుతాను. ఆమె 1975లో స్టాన్‌ఫర్డ్‌లో డాక్టరేట్ పొందారు. అప్పటికి అమెరికాకూ చైనాకూ దౌత్య సంబంధాలే లేవు. అవి ఏర్పడింది 1979లో. 1977లో వచ్చిన ఆమె తొలి పుస్తకం నైరుతి చైనా ప్రాంతీయ పాలన గురించి. తరువాత సోషలిజం కింద వ్యాపారం ఎలా నడిచిందో రాశారు. పిట్స్‌బర్గ్‌లోనూ, ఆపైన కాలిఫోర్నియాలోని అర్వైన్‌లోనూ పాఠాలు చెప్పారు. నగరాలకు వలస వచ్చినవారి మీద పుస్తకం 1999లో గానీ రాలేదు. తొలి పుస్తకం తరువాత ఇరవై రెండేళ్లు! తొందరపడకండి అని మీకు చెప్పడానికే ఈ లెక్క.

ఆ పుస్తకం పేరు 'కాంటెస్టింగ్ సిటిజన్‌షిప్ ఇన్ అర్బన్ చైనా'. 2001లో దానికి, చైనాపై వచ్చిన పుస్తకాలకు ఇచ్చే లెవెన్సన్ బహుమతి వచ్చింది. అందులోని ప్రశ్న సూటిగా ఉంటుంది: సొంత దేశంలోనే ఒక మనిషి పరాయివాడు ఎలా అవుతాడు? చైనాలో 1958 నుంచి హుకౌ అనే నమోదు పద్ధతి, అంటే ప్రతి మనిషినీ పల్లెవాసి లేదా పట్టణవాసి అని కాగితాల్లో రాసిపెట్టే పద్ధతి, చట్టంగా ఉంది. పల్లె హుకౌతో పుట్టినవారికి ఆ రోజుల్లో నగరంలో రేషన్ ధాన్యం ఉండేది కాదు, ప్రభుత్వ ఉద్యోగం ఉండేది కాదు, పిల్లలకు మామూలు బడిలో చోటు ఉండేది కాదు. ఆర్థిక సంస్కరణలు వచ్చాక కోట్ల మంది నగరాలకు తరలివచ్చి మేడలు కట్టారు, కుట్టు మిషన్ల ముందు కూర్చున్నారు. అయినా కాగితాల్లో పల్లెవాసులుగానే మిగిలారు. 2020 జనగణన నాటికి కూడా చైనాలో నూటికి దాదాపు 64 మంది పట్టణాల్లో నివసిస్తుంటే, పట్టణ హుకౌ ఉన్నది 45 మందికే.

నన్ను కదిలించింది ఆమె ఆ తరువాత వేసిన అడుగు. 1990ల చివర ప్రభుత్వ కర్మాగారాలు కోట్ల మంది కార్మికులను ఇంటికి పంపాయి. వాళ్లకు పట్టణ హుకౌ ఉంది, కానీ దాని వెంట వచ్చిన జీవితం పోయింది. సొలింజర్ వూహాన్ వెళ్లి వాళ్లతో మాట్లాడారు. హక్కు లేనివారి గురించి రాసిన మనిషి, హక్కు ఉండి కూడా నష్టపోయినవారి దగ్గరికి వెళ్లారు. అక్కడి నుంచి 'దీబావ్' అనే కనీస జీవన భృతి మీదికి మళ్లి, 2022లో మరో పుస్తకం తెచ్చారు. వృత్తి జీవితం అంటే నాకు ఇలా ఉండాలి: ఒకే ప్రశ్నను పట్టుకుని, మనుషులు ఎటు నెట్టబడితే అటు నడవడం.

కొత్త తరంలో జెరెమీ వాలెస్ అనే రాజనీతి శాస్త్రవేత్తను చదవండి. పెద్ద నగరాల్లో జనం గుమిగూడితే పాలకులకు ఎందుకు గుబులో, హుకౌ వాళ్లకు ఏ విధంగా ఉపయోగపడిందో 2014 నాటి పుస్తకంలో వివరించారు.

ఇక మీరు ముందుగా చేయవలసింది చైనీస్ నేర్చుకోవడం. ఢిల్లీలో జేఎన్‌యూలో, శాంతినికేతన్‌లో 1937 నుంచి ఉన్న చీనా భవనంలో నేర్పుతారు. అనువాదాల మీద ఆధారపడి ఈ పని చేయవద్దు. ఉద్యోగం దొరకడం ఆలస్యం కావచ్చు, ఆ మాట మీ దగ్గర దాచను.

నాన్నగారితో వాదించకండి. హైదరాబాద్ వచ్చిన కొత్తలో ఊళ్లోని రేషన్ కార్డు ఇక్కడ పనికొచ్చిందా, మిమ్మల్ని బడిలో చేర్చేటప్పుడు ఏ కాగితాలు అడిగారు, ఓటు ఎన్నేళ్లు ఊళ్లోనే ఉండిపోయింది అని అడగండి. ఆయన చెప్పేది నోటుపుస్తకంలో రాసుకోండి. ఆ తరువాత సొలింజర్ రాసిన ఒక అధ్యాయాన్ని ఆయనకు తెలుగులో చదివి వినిపించండి.