14 రూపాయల షేరు, 90 కోట్ల ఆర్డర్: కొనే ముందు నేను చూసేవి

మీ ప్రశ్న ఇది: నిరుడు 22 కోట్ల అమ్మకాలు చేసిన ఒక చిన్న కంపెనీ తనకు 90 కోట్ల ఆర్డర్ వచ్చిందని ప్రకటించింది, 14 రూపాయల షేరు రోజూ అప్పర్ సర్క్యూట్ (ఒక రోజులో పెరగగలిగే గరిష్ఠ హద్దు) తాకుతోంది, లక్ష పెట్టవచ్చా? ఇప్పుడే పెట్టకండి. 2021లో నేను ఇలాంటి ప్రకటన ఒకటి చదివి 18 రూపాయల చొప్పున 4,000 షేర్లు కొన్నాను.

మాది పలాస, ఇంట్లో జీడిపప్పు వ్యాపారం. కొత్త పార్టీ ఫోన్ చేసి రెండు వందల డబ్బాలు కావాలంటే, మనిషి ఎవరు, అడ్వాన్సు ఎంత, అంత పిక్క మన దగ్గర ఉందా అని నాన్న అడుగుతారు. 80 కిలోల బస్తా పిక్కలు కొట్టిస్తే సుమారు 20 నుంచి 22 కిలోల పప్పు దిగుతుంది. అందులో గుండ్లు ఎన్ని, బద్దలు ఎన్ని అన్నది మళ్లీ వేరే లెక్క. ఇవన్నీ తేలేదాకా ఆ బేరం గురించి ఇంట్లో ఎవరైనా సంబరపడితే, ‘ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం’ అంటారాయన. ఇది రోజూ వింటూ పెరిగిన నేను, షేరు కొన్నప్పుడు ఇందులో ఒక్క ప్రశ్న కూడా వేసుకోలేదు.

మీ కంపెనీకి అవే ప్రశ్నలు వేయండి. 22 కోట్ల సరుకు చేసే యంత్రాలతో 90 కోట్ల పని ఎన్నేళ్లకు అవుతుంది? గడువు మూడేళ్లయితే ఏడాదికి వచ్చేది 30 కోట్లే. ముడిసరుకు కొనడానికి డబ్బు ఎక్కడిది, కొత్తగా షేర్లు జారీ చేస్తారా, అప్పు తెస్తారా? ఇలాంటి ఆర్డర్ల గురించి తెలిపేటప్పుడు ఇచ్చినవారి పేరు, విలువ, గడువు, ఆ సంస్థతో ప్రమోటర్లకు (కంపెనీని నడిపించే యజమానులకు) సంబంధం ఉందా లేదా అన్నవి చెప్పాలని షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన. పేరు ఉంటే ఆ సంస్థ జీఎస్టీ నంబరు కనుక్కుని జీఎస్టీ పోర్టల్‌లో వెతకండి. ఆ నంబరు కొడితే రిజిస్ట్రేషన్ ఉందో లేదో, రిటర్నులు వేస్తోందో లేదో కనిపిస్తుంది. కొత్త పార్టీకి సరుకు ఎత్తే ముందు మేం చేసే పని ఇదే. పేరు గోప్యం అని రాసి ఉంటే నేనైతే అక్కడితో ఆగిపోతాను.

అన్నిటికంటే ముఖ్యం, చేతికి వచ్చిన నగదు. నేను కొన్న షేరు 31 దాకా ఎక్కింది. తర్వాత వరసగా లోయర్ సర్క్యూట్లు, అంటే రోజూ పడగలిగినంత పడడమే. రోజూ ఉదయం అమ్మకానికి పెట్టేవాణ్ని, కొనేవాడు ఉండేవాడు కాదు. చివరికి 7 రూపాయలకు బయటపడ్డాను. ఆ రాత్రి కొట్టు మూసేశాక మొదటిసారి వార్షిక నివేదిక తెరిచాను. ఆదాయం 11 కోట్ల నుంచి 19 కోట్లకు పెరిగింది. పక్క పేజీలో, రావలసిన బాకీలు 2 కోట్ల నుంచి 9 కోట్లకు పెరిగాయి. అంటే పెరిగిన 8 కోట్లలో 7 కోట్లు కాగితం మీదే ఉన్నాయి. నగదు ప్రవాహ పట్టికలో వ్యాపారం నుంచి వచ్చిన నగదు మైనస్‌లో ఉంది. నేను కొనడానికి ముందే ఆ నివేదిక ఎక్స్ఛేంజి వెబ్‌సైట్‌లో ఉంది. అది తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

ఆదాయం అంకెను మాత్రమే నమ్మితే ఏమవుతుందో మన తెలుగువాళ్లకు హైదరాబాద్ ఐటీ కంపెనీ సత్యం కంప్యూటర్స్ చూపించింది. ఒక్క త్రైమాసికానికి 2,700 కోట్లుగా చూపిన ఆదాయం నిజానికి 2,112 కోట్లేనని 2009 జనవరి 7 నాటి లేఖలో దాని ఛైర్మన్ రామలింగరాజే రాశారు.

మీ కంపెనీ ఎక్స్ఛేంజి ప్రధాన బోర్డులో ఉంటే త్రైమాసికం ముగిసిన 45 రోజుల్లో (ఏడాది చివరి త్రైమాసికానికి 60 రోజుల్లో) ఫలితాలు రావాలి. చిన్న, మధ్యతరహా కంపెనీల కోసం ఉన్న ఎస్‌ఎంఈ విభాగంలో ఉంటే ఆరు నెలలకోసారే కాబట్టి మరింత ఓపిక పట్టాలి. ఆ ఆర్డర్ తాలూకు ఆదాయం, దానితోపాటు నగదు కూడా ఫలితాల్లో కనిపించేదాకా ఆగండి. అప్పుడూ కొనాలనిపిస్తే లక్ష వద్దు, పది వేలతో మొదలుపెట్టండి. రోజుకు ఎన్ని షేర్లు చేతులు మారుతున్నాయో కూడా చూసుకోండి.

ఆ ప్రకటన మొత్తం, గత రెండేళ్ల బాకీల అంకెలు ఇక్కడ పెట్టండి. ఆదివారం మధ్యాహ్నం మా కొట్టుకు సెలవు, కూర్చుని చూసి చెబుతాను.