ముందు ‘స’ ఎక్కడుందో చూసుకో

అమ్మడూ,

నీ మెసేజ్ రెండుసార్లు చదివాను. రెండు నెలలుగా రోజూ ఆప్‌లో సాధన చేస్తున్నావు, రెండు స్వరాల మధ్య దూరం అడిగితే పదికి ఎనిమిదిసార్లు సరిగ్గానే చెప్తున్నావు, అయినా బాగా తెలిసిన పాట పల్లవి కూడా కీబోర్డు మీద తడుముకుంటే గానీ దొరకడం లేదు. చివర్లో ‘నాకు చెవి లేదేమో మావయ్యా’ అన్నావు చూడు, ఆ మాట కొట్టెయ్. చెవే లేకపోతే ఎవరైనా అపశ్రుతి పాడినప్పుడు నీ మొహం అలా ఎందుకు ముడుచుకుపోతుంది? తప్పు నీకు వినబడుతోంది. అది ఏ స్వరమో పేరు పెట్టడమే ఇంకా రాలేదు.

ఆ ఆప్‌లో తిరకాసు ఎక్కడుందంటే, అది రెండు స్వరాలు మోగించి మధ్య దూరం మాత్రమే అడుగుతుంది. స నుంచి అంతర గాంధారానికి (గ) నాలుగు స్థానాలు, అంటే కీబోర్డు మీద నాలుగు మెట్లు. ప నుంచి కాకలి నిషాదానికీ (ని) నాలుగే. శుద్ధ మధ్యమం (మ) నుంచి చతుశ్రుతి ధైవతానికీ (ద) నాలుగే. లెక్కలో మూడూ ఒకటే, పాటలో మాత్రం ఒకదానికొకటి పోలికే ఉండదు. స–గ అన్నప్పుడు హాయిగా ఒళ్లు విరుచుకున్నట్టుంటుంది. ప–ని అన్నప్పుడు పై స కోసం మునివేళ్ల మీద నిలబడ్డట్టుంటుంది. పైగా దూరాలు కొలుచుకుంటూ పోతే ఒక్కచోట లెక్క తప్పిందా, ఆ తర్వాతవన్నీ తప్పుతాయి. చోటు చూసి గుర్తుపట్టేవాళ్లకి ఆ బాధ లేదు. ఒక స్వరం జారిపోయినా తర్వాతది దాని చోట దొరుకుతుంది.

నమ్మకం కుదరకపోతే ఇది చేసి చూడు. వెనకాల శ్రుతి ఏమీ పెట్టకుండా ఒక మెట్టు నొక్కు, దాన్ని వదిలేసి తర్వాతి మెట్టు నుంచి నల్లవీ తెల్లవీ అన్నీ లెక్కబెట్టుకుంటూ అయిదో మెట్టుకి ఎక్కి అది నొక్కు. చాలామంది చెవులు రెండోదాన్నే స అనుకుని ‘ప–స’ అని వింటాయి. ఇప్పుడు మొదటి మెట్టుకి తంబుర శ్రుతి పెట్టి అవే రెండూ మళ్లీ వాయించు. ఈసారి ‘స–మ’ అని వినబడుతుంది. నీ వేళ్లు కదిలిన చోట్లు అవే, మారిందల్లా వెనకాల మోగుతున్న స.

అందుకని మొదటి పని స ని చెవిలో నిలబెట్టుకోవడం. తంబుర ఆప్‌లో నీ గొంతుకి సుఖంగా ఉండే శ్రుతి పెట్టు, అయిదో అయిదున్నరో (సి మెట్టు ఒకటి, అక్కడి నుంచి తెల్ల మెట్లకి వరసగా ఏడుదాకా అంకెలు, తెల్లదాని పైపక్క నల్ల మెట్టుకి ఆ అంకె మీద అర). ఊపిరి నిండా తీసుకుని మెల్లగా ‘స’ అను. తంబుర ఆపెయ్. మనసులో ఇరవై లెక్కబెట్టి మళ్లీ ‘స’ అని, తంబుర పెట్టి సరిచూసుకో. అది కుదిరాక, తంబుర ఆపిన తర్వాత ఒక నిమిషం పాటు ఎవరితోనైనా మాట్లాడి వచ్చి పాడు. మొదట్లో ఎక్కువగా కిందికి జారుతుంది, కంగారు పడకు. ఈ ఒక్క దానికే ఒక వారం ఇచ్చినా ఎక్కువేమీ కాదు. నేను ఇందులో తొందరపడి ఏడాది పోగొట్టుకున్నాను, అది తర్వాత చెప్తాను.

తంబుర వింటున్నప్పుడు ఇంకో సరదా ఉంది. తీగలు ప, స, స, కింది స అని మోగుతాయి కదా, కళ్లు మూసుకుని కాసేపు వింటే ఎవరూ మీటని అంతర గాంధారం లోపల సన్నగా పలుకుతుంది. దాన్ని స్వయంభూ గాంధారం అంటారు. ఆప్‌లో కన్నా మంచి తంబురలో ఇంకా తేటగా ఉంటుంది. ఒకసారి పట్టుకున్నావంటే గాంధారం ఎక్కడుంటుందో నీకు ఎవరూ నేర్పక్కర్లేదు.

దీని వెనక లెక్క కూడా అందమైనదే. స 240 హెర్ట్జ్ అనుకుంటే పై స 480, పంచమం 360, అంతర గాంధారం 300. స కీ ప కీ నిష్పత్తి 2:3, స కీ గ కీ 4:5. చిన్న అంకెలు కాబట్టే చెవికి అంత తేలిగ్గా అతుక్కుంటాయి. నీ కీబోర్డులో మాత్రం అదే గాంధారం 302 దాటి ఉంటుంది, అన్ని శ్రుతులకీ సరిపోవాలని స్థాయిని, అంటే స నుంచి పై స దాకా ఉన్న మేరని, పన్నెండు సమ భాగాలు చేశారు కాబట్టి. నీ గొంతులో గాంధారం కీబోర్డు కంటే వెంట్రుకవాసి కిందున్నట్టనిపిస్తే నీదే తప్పనుకోకు. తంబుర ఏమంటోందో విను.

ఇక స్వరాలు. పన్నెండూ ఒకేసారి ముందేసుకోకు. స, ప, పై స, ఈ మూడింటితో మొదలుపెట్టు. అవి కళ్లు మూసుకుని చెప్పగలిగాక గ చేర్చు. తర్వాత రి, ద. ఇప్పుడు నీ చేతిలో మోహన రాగం మొత్తం ఉన్నట్టే, దీంతోనే రెండు వారాలు ఆడుకోవచ్చు. మ, ని ఆ తర్వాత. వాటికి లాగుడెక్కువ: ‘స రి గ మ ప ద ని’ అని పాడి అక్కడే ఆగి చూడు, గొంతులో దురదలా ఉంటుంది, పై స అంటే గానీ తీరదు. మ కూడా అంతే, కాస్త నెమ్మదిగా గ మీదికి వాలాలని చూస్తుంది. రి కి స పక్కనే ఉన్నా ఇంకా ఇంటికి చేరని అవస్థ. ప కి ఏ అవస్థా లేదు, ఎంతసేపైనా నిలబడుతుంది. ఇవి నాకు తోచిన పోలికలు. నీకు ని అంటే వేరే ఏదో గుర్తొస్తే దాన్నే పెట్టుకో, నావి బట్టీ పట్టకు.

వినడం కన్నా ముందు పాడడం. గొంతుతో పట్టని స్వరాన్ని చెవి గట్టిగా గుర్తుపెట్టుకోదని నా నమ్మకం. గొంతు బాగుండక్కర్లేదు, శ్రుతిలో ఉంటే చాలు. తంబుర పెట్టుకుని మనసులో ‘ద’ అనుకుని పాడి, తర్వాత కీబోర్డు మీద సరిచూసుకో. ముందు కీబోర్డు నొక్కి దాని వెంట పాడితే అది అనుకరణే అవుతుంది. ఇది రోజూ కాసేపు చేశాక పేర్లు చెప్పే ఆట ఆడు: ఎవరినైనా కూర్చోబెట్టి ఏదో ఒక స్వరం నొక్కమను, నువ్వు పేరు చెప్పు.

తెలియనప్పుడు మాత్రం ఊహించి చెప్పొద్దు. ఈ ఒక్క అలవాటు చాలామందిని పాడుచేస్తుంది. తెలియని స్వరం వినబడితే దాన్ని పట్టుకుని అక్కడి నుంచి ఇంటిదాకా దిగు. ఉదాహరణకి ఒక స్వరం మోగింది, ఏదో తెలియలేదు. దాన్నే గొంతులో పట్టుకుని ఒక్కో స్వరం కిందికి వస్తూ స దగ్గర ఆగావు. అయిదు అడుగులు పట్టాయి. మళ్లీ పైకి పేర్లతో ఎక్కితే స రి గ మ ప ద, అయితే ద అన్నమాట. మొదట్లో దీనికి అరనిమిషం పడుతుంది. కొన్నాళ్లకి సగంలోనే, ప దగ్గరికి రాగానే తెలిసిపోతుంది. తర్వాత దిగక్కర్లేకుండానే పేరు నోట్లో ఉంటుంది. ఎప్పుడు మారిందో నీకే తెలియదు.

నీ కీబోర్డుతో తప్పకుండా చేయాల్సిన పని ఒకటుంది. నల్ల మెట్లు అయిదే కదా, వాటిని తప్ప ఇంకేవీ ముట్టుకోకు. తంబుర నాలుగున్నరకి పెట్టి వాయిస్తే అది మోహనం. శ్రుతి అయిదున్నరకి మార్చి అవే మెట్లు వాయించు, మధ్యమావతి రాగం. ఆరున్నరకి మారిస్తే హిందోళం. ఇక్కడ తంబురలో ప తీసేసి మ పెట్టుకో, హిందోళంలో పంచమం లేదు, ఆ ప ఊరికే కుట్టినట్టుంటుంది. ఒకటిన్నరకి శుద్ధ సావేరి, రెండున్నరకి శుద్ధ ధన్యాసి. గ్రహభేదమని పెద్దలు దీన్నే అంటారు. నాలుగున్నరలో నిశ్చింతగా ఉన్న స, అయిదున్నరలో నిషాదమైపోయి కదలమని తొందరపెడుతుంది. మెట్టు అదే, అది మోగే శబ్దం అదే. ఈ సంగతి నాకు వంద మాటల్లో అర్థం కాలేదు, ఆ అయిదు నల్ల మెట్ల మీద ఒక సాయంత్రంలో అర్థమైంది.

పేర్ల దగ్గర చిన్న చిక్కు. స్థానాలు పన్నెండే, పేర్లు పదహారు. చతుశ్రుతి రిషభమూ శుద్ధ గాంధారమూ ఒకే మెట్టు, షట్‌శ్రుతి రిషభమూ సాధారణ గాంధారమూ ఒకే మెట్టు, ద–నిలకీ ఇంతే. ప్రస్తుతానికి ఎక్కువ వాడుకలో ఉన్న పేరుతోనే పిలువు, మిగతావి రాగాలు వచ్చాక వాటంతట అవే కుదురుతాయి. పాశ్చాత్యుల సరిగమలైన డో రే మీ లతో నేర్చుకోవచ్చా అన్నావు. నేర్చుకోవచ్చు, డో ని ఎక్కడికైనా కదిపే పద్ధతి అయితే. 11వ శతాబ్దంలో ఇటలీలో గ్విడో అనే సన్యాసి ఉత్, రే, మి, ఫా, సోల్, లా అని పిల్లలతో పాడించిందీ ఇందుకే, చూడని పాటని చోట్లు పట్టుకుని పాడేయాలని. ఏ శబ్దం విన్నా ‘ఇది ఫలానా మెట్టు’ అని ఆధారం లేకుండా చెప్పేవాళ్లు కొందరుంటారు. అది చాలా కొద్దిమందికే, సాధారణంగా చిన్నప్పుడే అబ్బుతుంది. నాకు లేదు. పని ఎక్కడా ఆగలేదు.

ఇప్పుడు నా కథ. నేను హార్మోనియం పట్టిన మొదటి ఏళ్లలో అన్నీ ఒకటో శ్రుతిలోనే నేర్చుకున్నాను. వేళ్లు చకచకా పరుగెత్తేవి, నాకు బాగా వచ్చేసిందనుకున్నాను. ఒకసారి పాడే ఆయన గొంతు బాగాలేక రెండున్నరకి వాయించమన్నాడు. మొదటి వరసకే నా వేళ్లు పాత చోటుకి పోయాయి. సరిదిద్దుకోబోతే రెండో వరస పోయింది. ఆయన నవ్వి కాసేపు స ఒక్కటే పట్టమన్నాడు. పాట అయ్యేదాకా ఒకే మెట్టు నొక్కి కూర్చున్నాను, చెవులు కాలిపోయాయి. పాట నా వేళ్లకి వచ్చింది గానీ నాకు రాలేదని అప్పుడు తెలిసింది. ఆ తర్వాత ఏడాది మళ్లీ మొదటి నుంచి నేర్చుకున్నాను. నువ్వు వారానికో శ్రుతి మార్చు.

తెలిసిన పాటలకి వచ్చేసరికి కీబోర్డు మూసిపెట్టు. ఒక్క వరస తీసుకుని పాడుకో, స ఎక్కడుందో వెతుకు. పాట ఎక్కడికొచ్చి తీరుబడిగా ఆగుతుందో చాలాసార్లు అదే స, ఎప్పుడూ కాదనుకో. స దొరికాక మాటల బదులు స్వరాలు పెట్టి పాడి కాగితం మీద రాయి. పూర్తయ్యాకే కీబోర్డు తెరిచి చూసుకో. లాలిపాటలు, పిల్లల పాటలు మంచివి, స్వరాలు తిన్నగా నిలబడతాయి. తోడి రాగం లాంటి వాటి జోలికి ఇప్పుడే వెళ్లకు, అందులో గాంధారం నిలవదు, ఊగుతుంది, పైనా కిందా స్వరాలని తాకుతుంది. ఏ మెట్టో అని వెతికితే పిచ్చెక్కుతుంది.

పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు చాలు. చెవి అలిసిపోతే అన్నీ ఒకేలా వినబడతాయి, అప్పుడు ఆపెయ్.

ఆదివారం సాయంత్రం ఫోన్ చేస్తాను. ముందు హార్మోనియం మీద స వినిపిస్తాను, ఆపి ఓ నిమిషం మీ అమ్మ సంగతులు అడుగుతాను, మాటల మధ్యలో ‘స ఏదీ?’ అంటాను. పాడి వినిపించు. అది నిలిస్తే ప, గ ల ఆట మొదలుపెడదాం.

మీ మావయ్య