వేళ్లు పోయిన అప్రెంటిస్‌కి నలభై వేలేనా?

ప్రశ్న: మా అబ్బాయి ఐటీఐ ఫిట్టర్, వయసు 20. గాజువాక దగ్గర ఒక ఫ్యాక్టరీలో అప్రెంటిస్‌గా ఉండగా 2025 జూలైలో ప్రెస్ మెషీన్‌లో పడి కుడిచేతి చూపుడు వేలు, మధ్య వేలు మొదలంటా పోయాయి. స్టైపెండ్ 8,000. 'అప్రెంటిస్ కార్మికుడు కాదు, ఈఎస్ఐ రాదు, మానవతా దృక్పథంతో 40,000 ఇస్తాం, సంతకం పెట్టండి' అంటున్నారు. తీసుకుని ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయమంటారా?

జవాబు: డిపాజిట్ సంగతి తర్వాత. ముందు ఆ కాగితం మీద సంతకం పెట్టకండి.

కంపెనీ వాళ్లు అబద్ధం చెప్పలేదు, సగమే చెప్పారు. 1961 అప్రెంటిస్ చట్టం 18వ సెక్షన్ ప్రకారం అప్రెంటిస్ కార్మికుడు కాడు. ఈఎస్ఐ కూడా ఉండదు. కానీ అదే చట్టం 16వ సెక్షన్ చూడండి. శిక్షణలో ప్రమాదం జరిగితే 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం లెక్కన యజమానే డబ్బు కట్టాలి. జీతం అన్నచోట స్టైపెండ్ అని చదువుకోవాలి, అంతే తేడా. 2025 నవంబరు 21 నుంచి ఆ పరిహార చట్టం స్థానంలో సామాజిక భద్రతా కోడ్ వచ్చింది గానీ, మీవాడి ప్రమాదం అంతకు ముందుది కాబట్టి పాత లెక్కే.

ఇప్పుడు కాలిక్యులేటర్ తీయండి. స్టైపెండ్‌లో 60 శాతం అంటే 4,800. ఇరవై ఏళ్ల వయసుకు చట్టంలో ఇచ్చిన గుణకం 224. రెండూ హెచ్చవేస్తే 10,75,200. ఒక చేతికి రెండు వేళ్లు పోతే 20 శాతం నష్టం అని ఆ పరిహార చట్టం షెడ్యూల్‌లోనే ఉంది. అంటే 2,15,040 రూపాయలు. వైద్యం ఖర్చు దీనికి అదనం, కాబట్టి మందుల బిల్లులు కూడా పారేయకండి. పరిహారం నెలలోగా ఇవ్వకపోతే 12 శాతం వడ్డీ పడుతుంది. సరైన కారణం లేకుండా ఆలస్యం చేస్తే 50 శాతం దాకా జరిమానా కూడా వేయవచ్చు.

పరిహారం హక్కు వదులుకున్నట్టు రాయించుకున్న కాగితం పరిహార చట్టం 17వ సెక్షన్ ప్రకారం చెల్లదు. చెల్లనప్పుడు పెడితే ఏం పోయింది అంటారేమో. తర్వాత ఆ సంతకం ఎలా పెట్టించుకున్నారో చెప్పుకుంటూ తిరగాల్సింది మీరే.

కంపెనీ 'కుర్రాడే సేఫ్టీ గార్డు తీసేశాడు' అనే అవకాశం ఉంది. కావాలని తీశాడని రుజువైతే ఇలాంటి పాక్షిక వైకల్యానికి పరిహారం పోవచ్చు. అందుకే మెషీన్‌కి ఆ రోజు అసలు గార్డు ఉందా, డై (మెషీన్‌లోని అచ్చు) దగ్గర చెయ్యి పెట్టమన్నది ఎవరు, పక్కన ఎవరున్నారు, ఇవన్నీ మీవాడి చేత ఈ రోజే రాయించండి. నెలలు గడిస్తే సాక్షులు షిఫ్టులు మారతారు, ఉద్యోగాలూ మారతారు.

అప్రెంటిస్‌షిప్ ఒప్పందం ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో రిజిస్టర్ అయిందో లేదో కూడా చూడండి. కాకపోతే, ఉత్త 'ట్రైనీ' పేరుతో పని చేయించుకున్నట్టయితే, ఈఎస్ఐ రాదన్న మాటే తప్పు కావచ్చు. అప్పుడు దారి వేరు.

దరఖాస్తు మీరు ఉండే ప్రాంతంలోని పరిహార కమిషనర్ దగ్గరే వేయవచ్చు. కార్మిక శాఖ కార్యాలయంలో అడిగితే ఎవరో చెబుతారు. గడువు రెండేళ్లు, అంటే 2027 జూలై. ముందుగా కంపెనీకి రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపి, రసీదు దాచుకోండి.

డబ్బు చేతికొచ్చాక మొత్తం డిపాజిట్‌లో పెట్టి తాళం వేయకండి. కుడిచేత్తో ఫైలు పట్టలేని ఫిట్టర్ ఇంకో పని నేర్చుకోవాలి, దానికి కొంత విడిగా ఉంచండి.